మాలలో ఉన్నప్పుడు గుర్తుకే రాని సిగరెట్, మాల తీసే ముందే ఎందుకు గుంజుతుంది?

మిర్యాలగూడ మిల్లు:
సీరియస్‌గానే అడుగుతున్నా, ఎగతాళి చేయకండి. రైస్ మిల్లులో పని, రోజుకు ఒక పెట్టె దాకా తాగుతా. కానీ ఏటా అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు సిగరెట్ జోలికే పోను. మొదట్లో కొంచెం చిరాకు, తల బరువు, అంతే. తర్వాత హమాలీలు పక్కనే కూర్చొని బీడీ కాల్చినా నాకేమీ అనిపించదు. అదే శబరిమల నుంచి తిరిగొచ్చేటప్పుడు రైలు మా ఊరికి దగ్గర్లోని నడికుడి దాటిందంటే చాలు, మాల ఇంకా మెడలోనే ఉంటుంది, నాలుక పీకేస్తుంది. అప్పటికి ఒంట్లో నికోటిన్ చుక్క కూడా ఉండదు కదా, మరి ఇదేంది? మా బామ్మర్దేమో నీకసలు అలవాటే లేదు, అంతా నాటకం అంటాడు.

పాలమూరు సైకాలజీ:
నాటకం కాదన్నా, మీ బామ్మర్దికి ఈ రిప్లై చూపించండి. రక్తంలో నికోటిన్ రెండు గంటలకోసారి దాదాపు సగానికి పడిపోతుంది. మానేశాక వచ్చే చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదటి రెండు మూడు రోజులు గట్టిగా ఉండి కొన్ని వారాల్లో తగ్గుతాయి. కాబట్టి నడికుడిలో మిమ్మల్ని గుంజేది ఒంట్లో తగ్గిన నికోటిన్ కాదు, ఇంకాసేపట్లో తాగొచ్చు అన్న ఎదురుచూపు. ఇజ్రాయెల్‌లో రూవెన్ దార్ అనే పరిశోధకుడు సిగరెట్ తాగే విమాన సిబ్బంది మీద ఇదే చూశాడు, 2010లో వచ్చింది ఆ పేపర్. చిన్న ప్రయాణమైనా పెద్ద ప్రయాణమైనా విమానం దిగే టైం దగ్గరపడేకొద్దీ యావ పెరిగింది. చిన్న ప్రయాణం చివర్లో ఉన్నంత యావ, పెద్ద ప్రయాణంలో అన్నే గంటలు గడిచిన చోట లేదు. తాగక ఎంతసేపైంది అన్నదానికన్నా తాగడానికి ఎంతసేపుంది అన్నదే ఎక్కువ పనిచేసింది.

ఇంకోటి చెప్తా, నాకు బాగా నచ్చినది. 2016లో అమెరికాలో షియావోసీ గు బృందం 24 మంది సిగరెట్ అలవాటున్న వాళ్లను నాలుగేసి సార్లు పిలిచింది. రెండుసార్లు నికోటిన్ ఉన్న సిగరెట్, రెండుసార్లు లేనిది ఇచ్చి, రెండింటికీ ఒకసారి నిజం, ఒకసారి అబద్ధం చెప్పారు. నికోటిన్ ఉన్నది తాగుతూ, ఉందని నమ్మినప్పుడే యావ తగ్గింది. అసలైన సిగరెట్టే తాగించి ఇందులో నికోటిన్ లేదని చెప్తే తృప్తి రాలేదు! అదే బృందం అంతకు ముందు ఏడాది షేర్ల ఆటలాంటిది ఆడించి మెదడు స్కాన్ చేసింది. అందరూ తాగింది నికోటిన్ సిగరెట్టే, అయినా లేదనుకున్న వాళ్ల మెదడులో లాభనష్టాలను బట్టి నేర్చుకునే సంకేతాలు బలహీనంగా కనిపించాయి. 2024లో వేపింగ్ (ఈ-సిగరెట్ తాగడం) మీద చేసిన ప్రయోగంలోనైతే నికోటిన్ డోసు మార్చకుండా తక్కువ, మధ్యరకం, ఎక్కువ అని చెప్పారంతే, మెదడులో థాలమస్ అనే భాగం ఆ చెప్పినదాన్ని బట్టి స్పందించింది. (మన దగ్గర ఈ-సిగరెట్లు 2019 నుంచే నిషేధం, ఎవరూ ట్రై చేయకండి.)

దేవరకొండ లారీ:
చదువుకున్నోళ్లు చెప్తే అన్నీ బాగానే ఉంటాయి తమ్మీ. అంతా నమ్మకమే అయితే లేదు లేదు అనుకుంటే పోవాలి కదా? రాత్రి డ్రైవింగ్‌లో సిగరెట్ లేకపోతే నాకు చేతులు ఆడవు, పొద్దటికల్లా క్లీనర్‌ను తిట్టిపోస్తా. దీక్షలో ఉన్నోళ్లకు పొద్దున చన్నీళ్ల స్నానం, పూజ, భజన, చుట్టూ స్వాములు. సిగరెట్ గుర్తొచ్చే చాన్స్ ఎక్కడిది? మా క్యాబిన్‌లోకొచ్చి ఒక్క రాత్రి ఉండమనండి.

పాలమూరు సైకాలజీ:
అంతా నమ్మకమే అని నేను అనలేదన్నా. ఆ 24 మంది ప్రయోగంలోనే నికోటిన్ లేనిదిచ్చి ఉందని చెప్పినా యావ తీరలేదు, రెండూ కలవాల్సిందే. మీ చిరాకు నిజమైనదే. కాకపోతే సిగరెట్ తాగగానే టెన్షన్ తగ్గిందని మీకనిపించేదాంట్లో చాలా భాగం, ముందు సిగరెట్ తాగి గంటలు గడిచినందుకు వచ్చిన టెన్షనే. అదే తెచ్చింది, అదే తీసింది. పేరు మాత్రం దానికొచ్చింది.

నారాయణపేట భాయ్:
రంజాన్‌లో మాకూ ఇంతే. పొద్దంతా కొట్లో కూర్చుంటా, పాన్ డబ్బా ఎదురుగానే, ఏమీ అనిపించదు. ఇఫ్తార్‌కు అరగంట ఉందనగా మొదలవుతుంది చూడండి, ఖర్జూరం కన్నా ముందు అదే గుర్తొస్తుంది. విమానం ముచ్చట చదివి నవ్వొచ్చింది, అచ్చం మా కథే.

సూర్యాపేట మెడికల్:
మా షాపులో సిగరెట్ మానడానికి నమిలే నికోటిన్ గమ్ కొనుక్కుపోయి వారంలో తిరిగొచ్చి పనిచేయట్లేదు అనేవాళ్లు మస్తు మంది. అడిగితే తెలుస్తుంది, సిగరెట్‌లా దమ్ము పీల్చగానే తలకెక్కాలని చూస్తున్నారు. సిగరెట్ పొగలోని నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది, గమ్‌కు నిమిషాలు పడుతుంది, ఆ కిక్కు ఎప్పటికీ రాదు. పైగా బబుల్‌గమ్‌లా నమిలి రసం మింగేస్తారు, కడుపులో మంట తప్ప ఏముండదు. నాలుగు సార్లు నమిలి, నోరు చురుక్కుమనగానే చెంపకు పెట్టి ఆపాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. నమలడానికి పావుగంట ముందు నుంచి చాయ్, కాఫీ, కూల్‌డ్రింక్ వద్దు, నోట్లో నికోటిన్ సరిగా ఎక్కనివ్వవు. లారీ అన్నా, రాత్రి యావ పట్టాక కాదు, బండెక్కే ముందే ఒకటి వేసుకోండి. ఎంత డోసు అనేది డాక్టర్‌ను అడగండి, లేకపోతే 1800-11-2356కి ఫోన్ చేయండి, మానేయడానికి సాయం చేసే ఫ్రీ నంబర్.

మిర్యాలగూడ మిల్లు:
అందరికీ థాంక్స్. బామ్మర్దికి లింక్ పంపిన, చదివిండు, ఇంకా రిప్లై లేదు. నాకొచ్చిన డౌట్ ఒకటే. మాలలో 'ఇంకెన్ని రోజులు' అనే లెక్క ఉంటుంది కాబట్టే చివర్లో గుంజుతుందంటే, తీసే తేదీ లేకుండా మానేస్తే మధ్యలో ఎప్పుడు గుంజుతుంది? అట్ల మానేసినోళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

దేవరకొండ లారీ:
నేనూ అదే చూస్తున్నా. గమ్ సరే గానీ, చాయ్ వద్దంటే ఎట్లన్నా?

సూర్యాపేట మెడికల్:
చాయ్ మానమనలేదన్నా, ముందు చాయ్ తాగండి, పావుగంట ఆగి గమ్ వేసుకోండి.