షిఫ్టు డ్యూటీ చేస్తూ పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ చదవవచ్చా?

ప్రశ్న (స్టాఫ్ నర్సు, పరవాడ):
నమస్కారం. నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తిచేసి, ఆరేళ్లుగా ఒక మందుల పరిశ్రమ ఓహెచ్‌సీలో (కార్మికుల ఆరోగ్య కేంద్రంలో) పనిచేస్తున్నాను. మాకు మూడు షిఫ్టులూ ఉంటాయి. రాత్రిపూట డాక్టరుగారు ఉండరు కనుక, సాల్వెంట్ ఆవిరి పీల్చి కళ్లు తిరిగి పడిపోయిన కార్మికుణ్ణి ముందుగా చూడవలసింది నేనే. ఇంటి పరిస్థితుల వల్ల ఉద్యోగం మానలేను. ఇగ్నో దూరవిద్యలో పోస్ట్ బేసిక్ బీఎస్సీ (జీఎన్ఎం తరువాత చేసే నర్సింగ్ డిగ్రీ) చదివితే మా పనికి అక్కరకు వస్తుందా?

జవాబు (సీనియర్ నర్సు, పటాన్‌చెరు):
చెల్లెమ్మా, ఆ కోర్సు ఉద్యోగంలో ఉన్న నర్సుల కోసమే పెట్టినది. రిజిస్ట్రేషన్ తరువాత కనీసం 2 సంవత్సరాల అనుభవం ఉండాలి, ప్రవేశ పరీక్ష రాయాలి. కాలేజీకి వెళ్లి చదివితే 2 సంవత్సరాల్లో అయ్యేది ఇందులో కనీసం 3 సంవత్సరాలు పడుతుంది. అప్పటికీ పూర్తికాకపోతే 5 సంవత్సరాల వరకు గడువు ఉంటుంది. పాఠాలు ఇంట్లో చదువుకోవచ్చు గానీ ప్రాక్టికల్స్‌కు స్వయంగా వెళ్లవలసిందే. నన్ను ఏడిపించింది చదువు కాదు, ఆ తేదీలకు నా షిఫ్టు తీసుకునే మనిషి దొరకకపోవడం. అందుకే దరఖాస్తుకు ముందే సెలవుల సంగతి హెచ్ఆర్ చేత కాగితం మీద రాయించుకోండి. నోటిమాటను నమ్మి నేను ఒక విడత ప్రాక్టికల్స్ పోగొట్టుకున్నాను.

జవాబు (ఫ్యాక్టరీ వైద్యుడు, విశాఖపట్నం):
సిస్టర్, డిగ్రీ తప్పక చేయండి. అయితే పరిశ్రమ ఆరోగ్యం అందులో కొద్దిగానే ఉంటుంది, మా ఫ్యాక్టరీ వైద్యులు చేసే ఏఎఫ్ఐహెచ్ (పరిశ్రమ ఆరోగ్య) కోర్సులో ఎంబీబీఎస్ వారికే ప్రవేశం. కాబట్టి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష), స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష) వంటివి మీ డాక్టరుగారి పక్కన కూర్చుని చేతితో చేసి నేర్చుకోవాలి. ఉదాహరణకు, కంప్రెసర్ల దగ్గర ఎనిమిది గంటలు నిలబడి వచ్చిన మనిషికి వెంటనే వినికిడి పరీక్ష చేస్తే, చెవి తాత్కాలికంగా మందగించి ఉంటుంది కనుక, లేని నష్టం ఉన్నట్టు కనిపిస్తుంది. మొదటి పరీక్షకు ముందు కనీసం 14 గంటలు పెద్ద శబ్దానికి దూరంగా ఉంచాలి. మెషీన్ మీట నొక్కడం ఎవరైనా నేర్పుతారు. ఇటువంటి కారణాలను పట్టి పట్టి అడిగి తెలుసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అక్కయ్యగారికి, డాక్టరుగారికి కృతజ్ఞతలు. మా దగ్గర ఈ పరీక్ష షిఫ్టు దిగి వచ్చినవారికే చేస్తున్నాం. వారాంతపు సెలవు ముగిసి డ్యూటీ ఎక్కే ముందు చేసేలా పట్టిక మార్చమని రేపే అడుగుతాను. సెలవుల కాగితం కూడా అప్పుడే అడుగుతాను.