బ్రేకు నొక్కితే మీటరు లైటు వెలుగుతోంది, ఇదేం చోద్యం?

పాతబండి:
పద్దెనిమిదేళ్ల బండి నాది. 12 వోల్టుల బ్యాటరీ, లైట్లన్నీ దాని మీదే, అన్నీ మామూలు బల్బులే. ఇంజను ఇప్పటికీ ఒక్క కిక్కుకి అందుకుంటుంది. రెండు వారాలుగా లైట్లే ప్రాణం తీస్తున్నాయి.

పగలు లైట్ల స్విచ్ ఆఫ్‌లో ఉండగా బ్రేకు నొక్కితే స్పీడోమీటరు లోపలి బల్బు మిణుకుమంటోంది. బ్రేకు లైటు మాత్రం సరిగా వెలగదు. కుడి ఇండికేటర్ వేస్తే వెనక ఎడమది కూడా గుడ్డిగా కొట్టుకుంటోంది. నేను ఎటు తిరుగుతానో వెనకాల వచ్చేవాడికి ఆ దేవుడే చెప్పాలి. పైగా హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పితే హెడ్‌లైటు ఆరిపోతుంది, తిన్నగా పెడితే వస్తుంది. హారన్ కూడా బొంగురుపోయింది.

కొత్త బ్యాటరీ వేశాను, ఇండికేటర్లు కొట్టుకునేలా చేసే ఫ్లాషర్ మార్చాను, ఏం తేడా లేదు. మెకానిక్ ఏమో వైరింగ్ మొత్తం పీకేద్దాం అంటున్నాడు. ఈమధ్యే వెనక మడ్‌గార్డ్ తుప్పు గీకించి, రంగు వేయించి బండికి కాస్త కళ తెచ్చాను. మళ్లీ అంతా విప్పాలంటే మనసొప్పడం లేదు. వేరే దారి ఉందా?

రాత్రిప్రయాణం:
వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయి ఉంటుంది బ్రదర్. నా బండికీ ఇలాగే లైట్లు పిచ్చిపిచ్చిగా వెలిగి, బల్బులు వరసగా మాడిపోయాయి. అది మార్చాకే దారిలోకి వచ్చింది.

గ్రీజుచేతులు:
రెగ్యులేటర్ పోతే బల్బులు మాడాలి, లేదా బ్యాటరీ దిగిపోవాలి. ఇక్కడ రెండూ జరగలేదు. కావాలంటే కొలిచి చూడండి. ఇంజను ఆపి ఉంచితే బ్యాటరీ 12.5 వోల్టుల దాకా ఉండాలి, రేజ్ చేస్తే 13.5, 14.5 మధ్య నిలవాలి. 15 దాటిందంటే అప్పుడు రెగ్యులేటర్‌ని తిట్టుకుందాం.

మీరు రాసినదాంట్లో నా కన్ను పడింది రంగు మీద. చాలా పాత బళ్లలో వెనక బల్బుల కరెంటు తిరిగి వెళ్లేది మడ్‌గార్డ్ రేకు, దాని బోల్టులు, ఛాసిస్ (బండి ఇనప ఫ్రేము) మీదుగానే. దీన్నే ఎర్త్ అంటాం. బోల్టు కింద రంగు పేరుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. కరెంటు ఊరుకోదుగా, పక్కదారి పడుతుంది. మీ టెయిల్ బల్బులో బ్రేకుకి 21 వాట్ల ఫిలమెంటు, టెయిల్‌కి 5 వాట్లది ఉంటాయి, రెండింటికీ ఎర్త్ ఒకటే. బ్రేకు నొక్కగానే 21లోంచి వచ్చిన కరెంటుకి ఎర్త్ దొరక్క, 5 వాట్ల ఫిలమెంటులోకి ఎదురెక్కి, టెయిల్ వైరు పట్టుకుని మీటరు బల్బు దాకా పోయి అక్కడ ఎర్త్ అవుతోంది. ఎడమ ఇండికేటర్‌దీ ఇదే కథ. కుడిదాని కరెంటు దాని గుండా ఎదురెక్కి, ముందున్న ఎడమ బల్బు దగ్గర బయటపడుతోంది.

వోల్టులు కొలిచే మల్టీమీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్‌కి, ఎర్రది టెయిల్ బల్బు హోల్డర్ ఒంటికి ఆనించి, ఎవరిచేతైనా బ్రేకు నొక్కించండి. 0.2 లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టు. మీటర్ లేకపోతే ఓ వైరు ముక్కతో హోల్డర్‌ని బ్యాటరీ నెగెటివ్‌కి కలపండి, లైట్లు బుద్ధిగా వెలుగుతాయి. నెగెటివ్‌కే సుమా! పాజిటివ్‌కి తగిలితే వైరు మాడి చెయ్యి కాలుతుంది.

హెడ్‌లైటుది వేరే జబ్బు. హ్యాండిల్ మెడ దగ్గర వైర్లు ఏళ్ల తరబడి వంగీ వంగీ, పైతొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తెగుతుంది. ఒక్కో వైరునీ మెల్లగా లాగి చూడండి, తెగినచోట రబ్బరులా సాగుతుంది.

పాతబండి:
ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను అన్నా. ఇంజను ఆపితే 12.6, రేజ్ చేస్తే 14.1. హోల్డర్ దగ్గర బ్రేకు నొక్కిస్తే ఏకంగా 9 వోల్టులు! బోల్టులు విప్పితే వాషర్ల కింద కూడా నిగనిగలాడుతూ రంగు. కళ తెచ్చిందీ నేనే, కళ్లు పొడిచిందీ నేనే. బోల్టుల చుట్టూ రేకు తేలేదాకా గీకాను. అయినా అనుమానం తీరక హోల్డర్ నుంచి ఛాసిస్‌కి విడిగా ఓ వైరు వేశాను. ఇప్పుడు 0.1 చూపిస్తోంది, మీటరు బల్బు మిణకడం మానేసింది.

మెడ దగ్గర ఒక వైరు మీరు చెప్పినట్టే సాగింది. తెగిన ముక్క తీసేసి, కొత్తది సోల్డర్ చేసి, స్లీవ్ తొడిగి, హ్యాండిల్ తిరగడానికి కాస్త వదులు ఉంచాను.

హారనే మిగిలింది. నేరుగా బ్యాటరీ నుంచి ఇస్తే గట్టిగా మోగుతోంది, బటన్ నొక్కితేనే బొంగురు.

గ్రీజుచేతులు:
అయితే హారన్ బాగున్నట్టే. బటన్ విప్పి లోపలి కాంటాక్టులు సన్న ఎమరీ పేపరుతో రుద్దండి. విప్పేటప్పుడు పైన గుడ్డ కప్పండి. లోపల బుల్లి స్ప్రింగు ఉంటుంది, ఎగిరిందంటే ఇంకో ఆదివారం దాన్ని వెతకడానికే సరిపోతుంది.