తాతగారి జోడు గొట్టాల తుపాకి ఏ కాలానిది?

ప్రశ్న (మైలాపూరు, చెన్నై):
నెల్లూరు జిల్లాలో మా తాతగారు వాడిన పన్నెండు బోరు తుపాకి, ఆయన పోయినప్పటినుంచి లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర డిపాజిట్‌లో ఉంది. గొట్టాల మధ్య పట్టీ మీద పి. ఓర్ అండ్ సన్స్, మద్రాసు అని చెక్కి ఉన్నందువల్ల అది మౌంట్ రోడ్డులోనే తయారైందని మావాళ్ల నమ్మకం. గొట్టాల నిండా అలల్లాంటి చారలున్నాయి. ఇది ఎప్పటిదో తేల్చే దారి చెప్పగలరు.

సమాధానం 1:
పట్టీ మీది పేరు చాలాసార్లు అమ్మినవారిదే. గడియారాలు, నగలతోపాటు తుపాకులూ అమ్మిన ఆ కొట్టుకు సరుకు ఇంగ్లండు నుంచి వచ్చేది. వ్యాపారి చేతనే గొట్టాలు విప్పించి, తోటా పెట్టే చోట అడుగున చదునుగా ఉండే భాగాన్ని ఫొటో తీయించండి. అసలు చరిత్ర అక్కడి ముద్రల్లో ఉంటుంది. తుప్పు కనిపించిందని గరుకు కాగితంతో మాత్రం రుద్దనివ్వకండి.

ప్రశ్న వేసినవారు:
అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలు, పైన కిరీటం, మధ్య బి, పి, సి అక్షరాలు కనిపించాయి. పక్కనే వజ్రాకారపు గడిలో 12, దాని కింద సి ఉన్నాయి. పొగలేని కొత్తరకం మందుకు పరీక్షించినట్టు చెప్పే నైట్రో అన్న మాట ఎక్కడా లేదు.

సమాధానం 2:
అయితే పని సగం అయిపోయినట్టే. ఆ దండాలు, తుపాకి గొట్టాలు పేలుడుకు తట్టుకుంటాయో లేదో చూసి ముద్ర వేసే బర్మింగ్‌హాం పరీక్షాశాలవి; అది 1813లో ఏర్పడింది. 1904లో వాటి స్థానంలో కిరీటం కింద బి.పి., బి.వి. అక్షరాలు వచ్చాయి. వజ్రం గుర్తు 1887లో మొదలైంది కాబట్టి మీ తుపాకి ఆ పదిహేడేళ్లలో పరీక్షకు వెళ్లినదే. చారలు డమాస్కస్ పనితనం: ఇనుము, ఉక్కు కడ్డీలను మెలితిప్పి, చుట్టి అతికిన గొట్టాలవి. నైట్రో ముద్ర లేనందున పాతరకం నల్ల తుపాకిమందుకే పరీక్షించారని అర్థం. నేటి తోటాలు అందులో పెట్టడం ప్రాణాంతకం. బర్మింగ్‌హాంలో ఒక్కో భాగం ఒక్కో పనివాడి దగ్గర తయారయ్యేది కనుక తయారీదారు ఒక్కడే దొరకాలని పట్టుబట్టకండి. గొట్టాల అడుగున పొడి అక్షరాలుంటే అవి గొట్టం పనివాడివి కావచ్చు. వరస సంఖ్య గొట్టాలపైనా, ముందు కొయ్యపైనా, యంత్రభాగంపైనా ఒకటేనా అన్నది కూడా సరిచూడండి. తేడా ఉంటే ఏదో ఒకటి తర్వాత మార్చినట్టే.

సమాధానం 3:
పాతది కాబట్టి లైసెన్సు అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మవద్దు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షను మినహాయింపు, మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధానికే వర్తిస్తుంది. పన్నెండు బోరు తోటాలు నేటికీ తయారవుతున్నాయి; మీది పేలే స్థితిలో ఉంటే వారసుడిగా పోలీసు కమిషనరు కార్యాలయంలో దరఖాస్తు చేయవలసిందే. తాతగారి లైసెన్సు పుస్తకం దొరికితే దానిలోని తుపాకి సంఖ్యను వ్యాపారి రసీదుతో పోల్చి, రెంటి నకళ్లూ దరఖాస్తుకు జతచేయండి.