మూడు ముక్కలాటలో ఆసు-రెండు-మూడు పెద్దదా చిన్నదా?

గోదారిగట్టు: సంక్రాంతికి అందరం కలుస్తున్నాం. డబ్బుల్లేకుండా చింతపిక్కలతో మూడు ముక్కలాట వేద్దామని. ఎంతమంది కూర్చోవచ్చు, బ్లైండ్ (ముక్కలు చూడకుండా పందెం కాయడం) ఎన్ని రౌండ్లు ఉంచాలి, ఆసు-రెండు-మూడు పెద్దదా చిన్నదా? ఏటా మావయ్యకీ బాబాయికీ దీని మీదే గొడవ.

పాలమూరోడు: చింతపిక్కలైతే ఎవరు లెక్కచేస్తారన్నా, అందరూ చివరిదాకా బ్లైండే ఆడతారు. మా ఇంట్లో తలా పిడికెడే ఇచ్చి, పిక్కలు అయిపోయినవాళ్లు లేచి అందరికీ టీ పెట్టాలని రూలు పెట్టాం. అప్పట్నుంచి చెత్త ముక్కలొస్తే గమ్మున పడేస్తున్నారు.

ఇస్పేటురాణి: సీక్వెన్సుల్లో, అంటే వరుస ముక్కల్లో, ఆసు-రాజు-రాణి మొదటిది, ఆసు-రెండు-మూడు రెండోది, తర్వాతే రాజు-రాణి-జాకీ. ఇందులో గొడవేముంది?

కళావర్‌రాజు: ఎవరు చెప్పారండీ? మా తాతగారి కాలం నుంచీ మా ఇంట్లో ఆసు-రెండు-మూడే అన్నిటికన్నా పెద్దది.

ఇస్పేటురాణి: మీ ఇంటి రూలు ఊరందరికీ రూలా?

లెక్కలమాస్టారు: కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను కాబట్టి కాస్త వినండి. 52 ముక్కల్లోంచి మూడు 22,100 రకాలుగా పడతాయి. అందులో ట్రయల్ (మూడూ ఒకే విలువ) 52, ప్యూర్ సీక్వెన్స్ (ఒకే రంగులో వరుస) 48, మామూలు సీక్వెన్స్ (వేర్వేరు రంగుల వరుస) 720, కలర్ (వరుస కాకుండా మూడూ ఒకే రంగు, అంటే అన్నీ ఇస్పేటో కళావరో అలా) 1,096, జత 3,744. మిగతావన్నీ ఉత్త ముక్కలు, అంటే నాలుగింట మూడొంతుల సార్లు చేతిలో ఏమీ ఉండదు. ఐదు ముక్కల పోకర్‌లో కలర్ అరుదు కాబట్టి అది సీక్వెన్స్‌ని కొడుతుంది, ఇక్కడ తలకిందులు. ఆసు-రెండు-మూడు మాత్రం మిగతా ఏ సీక్వెన్స్ పడినన్ని రకాలుగానే పడుతుంది, కాబట్టి లెక్క దీన్ని తేల్చదు. ఇంగ్లిష్‌వాళ్ల మూడు ముక్కల ఆట బ్రాగ్‌లో సీక్వెన్సుల్లోకెల్లా అదే పెద్దది, మన దగ్గర ఎక్కువమందికి రెండోది.

కళావర్‌రాజు: చూశారా! బ్రాగ్‌లో అదే పెద్దది!

ఇస్పేటురాణి: మనం ఆడేది బ్రాగ్ కాదండీ. మాస్టారు "మన దగ్గర రెండోది" అన్నది కూడా చదవండి. నచ్చిన సగమే చదివి ఎగరొద్దు.

బెజవాడబుల్లోడు: అరవడం ఆపండి. నన్నడిగితే అసలు ఈ ఆటే వద్దు, రమ్మీ వేసుకోండి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లోనే సుప్రీంకోర్టు రమ్మీకి ప్రధానంగా నైపుణ్యం కావాలంది, మూడు ముక్కలాట మాత్రం ఒట్టి అదృష్టమంది.

పాలమూరోడు: రమ్మీ గొప్ప చెప్పకండి. మా తమ్ముడు ఫోన్‌లో ఆ నైపుణ్యమే చూపించి బండి అమ్ముకున్నాడు. తెలంగాణలో 2017లో, ఆంధ్రాలో 2020లో ఆన్‌లైన్‌ది ఆపారు, 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. మా అమ్మ ఏడ్చిన ఏడుపు నేను చూశాను.

బెజవాడబుల్లోడు: నేను చెప్పింది ఇంట్లో ఆడే పదమూడు ముక్కల గురించి తమ్ముడూ, యాప్‌ల గురించి కాదు.

ఇస్పేటురాణి: అడిగినాయనకి ఒక్కరూ జవాబివ్వలేదు. ఆరుగురైతే బాగుంటుంది, ఎనిమిది దాటితే వంతు రావడానికే విసుగొస్తుంది. మొదటి రెండు రౌండ్లు అందరికీ బ్లైండ్, ముక్కలు చూసినవాళ్లు రెట్టింపు పెట్టాలి. సైడ్ షో (పక్కవాళ్లతో మాత్రమే ముక్కలు పోల్చుకుని, చిన్నవి ఉన్నవాళ్లు తప్పుకోవడం) మాత్రం పిల్లలున్న చోట తీసేయండి, ఓడినవాడు అలిగి లేచిపోతాడు.

కళావర్‌రాజు: సైడ్ షో తీసేస్తే ఇంక ఆటేముందండీ?