“మందు పెట్టారు” అంటే ఏ మందు?

పశువుల డాక్టర్ (పోస్టు):

ఈ గ్రూపులో ఏళ్లుగా చదవడమే గానీ రాసింది తక్కువ. నేను భాష చదువుకున్నవాణ్ణి కాదు, పశువైద్యుణ్ణి. అందులోనూ చచ్చిపోయిన కుక్కల్నీ పిల్లుల్నీ కోసి ఎందుకు పోయాయో చూసే పని ఎక్కువగా నా నెత్తినే పడుతుంది. ఆ పనిలో రోజూ చెవిన పడే ఒక మాట గురించి అడుగుదామని ఈ పోస్టు. ఆ మాట “మందు పెట్టారు”.

పాత దుప్పట్లో చుట్టి తెస్తారు. ఇంకా బల్ల మీద పెట్టనే లేదు, “ఎవరో మందు పెట్టారు సార్” అనేస్తారు. ఎవరు పెట్టారో పేరు కూడా సిద్ధంగా ఉంటుంది, చాలాసార్లు గోడ పక్కవాళ్లే. ఆధారం ఏంటి అంటే నోట్లో నురుగు, ముక్కులోంచి నెత్తురు, పొట్ట ఉబ్బి ఒక పక్కంతా నీలంగా అయింది, నిన్న సాయంత్రం దాకా శుభ్రంగా తిన్నది. ఇంతకంటే ఏం కావాలి అన్నట్టు చూస్తారు.

ఒక తొమ్మిదేళ్ల ఆల్సేషన్ కథ చెప్తాను. పొద్దున్నే పేపరువాణ్ణి చూసి గేటు దాకా ఉరికి, రెండుసార్లు మొరిగి, అక్కడే కూలబడింది. చిగుళ్లు సున్నంలా తెల్లగా అయిపోయాయి, అరగంటలో పోయింది. మందే అన్నారు. పొట్ట కోస్తే లోపలంతా నెత్తురే. ప్లీహం మీద బత్తాయంత గడ్డ, అది పగిలింది. రక్తనాళాల లోపలి పొర నుంచి పుట్టే కేన్సర్ అది, వయసు మళ్లిన పెద్ద జాతి కుక్కల్లో మేం తరచుగా చూసేదే. పగిలే దాకా పైకి ఏమీ కనపడదు, తింటుంది, తిరుగుతుంది, తోక ఊపుతుంది. పక్కింటాయనకు ఆ గడ్డతో ఏ సంబంధమూ లేదు.

మరి నీలంగా అయింది కదా అంటారు. గుండె ఆగాక నెత్తురు కిందికి దిగుతుంది, ఏ పక్కకు పడుకుని పోయిందో ఆ పక్కకు. పొట్ట పచ్చబడటం, ఉబ్బటం కుళ్లు మొదలైన గుర్తులు, మన ఎండల్లో దానికి ఎంతోసేపు పట్టదు. నురుగేమో ఊపిరితిత్తుల్లో నీరు చేరి గాలితో కలిసినప్పుడు వస్తుంది, గుండె జబ్బుతో పోయినా వస్తుంది. ముక్కులోంచి నెత్తురు పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో మామూలే. విషం అంటే నీలం అని మన బుర్రలో పడటానికి శివుడి గొంతు కారణమేమో నాకు తెలియదు గానీ, బల్ల మీద మాత్రం నీలానికీ విషానికీ అంత చుట్టరికం లేదు.

తమాషా ఏంటంటే, నిజంగా పురుగుల మందు తిని పోయిన కుక్కను కోస్తే కంటికి కనపడేది చాలా తక్కువ. కడుపులో ఉన్నదాంట్లోంచి కాస్త వెల్లుల్లి వాసనో కిరసనాయిలు వాసనో వస్తే వస్తుంది, అంతే. తేలాలంటే కడుపులో పదార్థం, కాలేయం, మూత్రపిండం ముక్కలు ఉప్పు కరగనంత చిక్కటి ఉప్పునీళ్లలో వేసి ల్యాబుకు పంపాలి. అలవాటు కొద్దీ, ముక్కలు కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేశామా, విషం పరీక్ష చెడినట్టే. ఎలుకల మందులో ఒక రకం ఇంకా విచిత్రం, తిన్న మూడు నాలుగు రోజులకు గానీ బయటపడదు. నెత్తురు గడ్డకట్టడం మానేసి ఛాతీలో, కీళ్లలో కారిపోతుంది. ఆ పాటికి ఏ రోజు ఏం తిన్నదో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

ఇక అసలు సంగతి. నిన్నగాక మొన్న ఒక పెద్దావిడ పిల్లిని తెచ్చారు. ఇదే మాట, “మందు పెట్టారు బాబూ, కిందింటి వాళ్లకు పిల్లులంటే పడదు”. మొహం, ముందు కాళ్లు వాచి ఉన్నాయి. కోస్తే నెత్తురు ఎర్రగా లేదు, కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. అది చూడగానే నాకు అర్థమై, “ఏమన్నా మందు వేశారా అమ్మా?” అని అడిగాను. “ఒళ్లు కాలిపోతుంటే మనం జ్వరానికి వేసుకునే ఆరువందల యాభై బిళ్ల సగం పాలల్లో కలిపి పట్టించాను, తగ్గలేదని రాత్రికి ఇంకో సగం” అన్నారు. పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి సరిగా లేదు. అది నెత్తుటిని పాడుచేస్తే, నెత్తురు ప్రాణవాయువును మోయలేక గోధుమ రంగుకు మారుతుంది. మూడు కిలోల పిల్లికి సగం బిళ్లే చాలా ఎక్కువ.

ఆవిడ “మందు పెట్టారు” అన్నారు, నేను “మందు వేశారా” అన్నాను. మాట ఒకటే. అప్పట్నుంచీ నా బుర్రలో ఇదే తిరుగుతోంది. జబ్బు తగ్గించేదానికీ ప్రాణం తీసేదానికీ ఒకే మాట ఎలా వచ్చింది? మీ వైపు ఎలా అంటారు? చెప్పండి.

రిటైర్డ్ మేష్టారు:

మంచి ప్రశ్న డాక్టరుగారూ. ఇది మన ఒక్కళ్ల సంగతి కాదు. తమిళంలో మరుందు, మలయాళంలో మరున్ను, కన్నడంలో మద్దు, అన్నీ ఒక్క మూలం నుంచి వచ్చినవే. వాటిలోనూ ఔషధం ఒక్కటే అర్థం కాదు. కన్నడంలో మద్దుగుండు అంటే తుపాకీ సామగ్రి, మనకు మందుగుండు సామాను. మందుపాతరలో ఉన్న మందుకు వైద్యంతో సంబంధం ఏముంది? నా ఉద్దేశంలో మందు అంటే మొదట్నుంచీ మంచిదో చెడ్డదో కాదు, కొంచెం వేస్తే పెద్ద మార్పు తెచ్చే పదార్థం. ఔషధం అనే సంస్కృతపు మాట పక్కన ఉండబట్టి మందు కూడా మంచిదే అనుకుంటున్నాం గానీ, దానికి మొదట్నుంచీ రెండు ముఖాలున్నాయి. మంచీ చెడూ తేల్చేది పక్కన వచ్చే క్రియ. మందు వేస్తే వైద్యం. మందు పెడితే ద్రోహం. మందు కొడితే పొలమో, బారో.

మూడెకరాల రైతు:

మేష్టారూ, మందు తాగితే? మా ఊళ్లో రాత్రిపూట ఫోనొచ్చి “ఫలానా వాడు మందు తాగాడు” అంటే ముందు అడిగే మాట “ఏ మందు” అనే. సీసా మందైతే తిట్టుకుంటూ మళ్లీ పడుకుంటాం. డబ్బా మందైతే బండి తీస్తాం. చెప్పేవాడి గొంతును బట్టే తెలిసిపోతుంది లెండి, అడగటం అలవాటు కొద్దీ.

కరీంనగర్ కోడలు:

మా దిక్కు “మందు వెట్టిన్రు” అంటే కుక్క ముచ్చట తర్వాత, ముందుగాల మనుషుల ముచ్చటనే. కొడుకు పెండ్లాం మాట ఇంటున్నడంటే “నా కొడుక్కి మందు వెట్టింది” అంటది అత్త. నా పెండ్లయిన కొత్తల నేను గూడ పడ్డ ఆ మాట, అప్పటికి నాకు అన్నం వండుడే సరిగ రాదు, మందు ఏడ వెట్టాలె! పెట్టుడు మందు అంటరు దాన్ని. అది కక్కిస్తమని పసరు తాగించేటోళ్లు గూడ ఉంటరు. అంటే సారూ, మీ తాన అందరు అనేటి మాటల విషమొక్కటే లేదు, ఎవరో కుళ్లుకొని చేసిన్రు అనే అనుమానం గూడ ఉన్నది.

చిత్తూరు చిన్నోడు:

మా పక్క తమిళంలోనూ అంతే, “మరుందు వచ్చిట్టాంగ” అంటారు. మాటకు మాట మన “మందు పెట్టేశారు”. రెండు భాషల్లోనూ విషం పేరు ఎవరూ చెప్పరు, పెట్టిన చేతిని మాత్రం చూపిస్తారు.

పశువుల డాక్టర్:

చిన్నోడుగారూ, మీరన్నది సరిగ్గా నా బల్ల దగ్గర జరిగేదే. ఏం జరిగింది అని అడిగితే ఎవరు చేశారో చెప్తారు. పార్వో వచ్చి నెత్తురు విరేచనాలతో పోయిన మూడు నెలల కుక్కపిల్లను కూడా “ఏదో పెట్టారు” అంటూనే తెచ్చారు. టీకా వేయించారా అంటే, వేయిద్దామనుకుంటున్నాం అన్నారు. 1978 ప్రాంతంలో గానీ ప్రపంచానికి తెలియని వైరస్ అది, ఇవాళ కుక్కపిల్లల్ని ఎక్కువగా తీసుకుపోయేవాటిలో ఒకటి. పేగు లోపలి పొర ఊడి వచ్చేస్తుంది, ఆ వాసన ఒకసారి తగిలితే మర్చిపోలేం.

పిచ్చికుక్క సంగతి వేరే. రేబిస్‌తో పోయినదాని కడుపులో అన్నం ఉండదు, పుల్లలు, మట్టి, గుడ్డ పీలికలు ఉండొచ్చు. అలాంటి అనుమానం ఉంటే మేం కడుపు జోలికి తొందరపడి వెళ్లం. రోగం తేలేది మెదడులో. అదే అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సిన పని.

పేపర్ డెస్కు:

చిన్న పక్కదారి. మా డెస్కులో మనిషైతే మృతదేహం, జంతువైతే కళేబరం. “కుక్క మృతదేహం” అని రాస్తే సీనియర్ కొట్టేస్తాడు. కానీ భగవద్గీత ఎనిమిదో అధ్యాయంలో అంత్యకాలంలో మనిషి విడిచే శరీరానికి వాడింది కళేవరం అనే మాటే. పూరీ జగన్నాథుడికి కొత్త దారువిగ్రహం చేసే ఉత్సవం నవకళేబరం, 2015లో జరిగింది. సంస్కృతంలో దేవుడి ఒంటికి కూడా సరిపోయిన మాట తెలుగు పేపర్లలోకి వచ్చేసరికి రోడ్డు పక్క పడున్న గేదెకు మిగిలింది. శవపరీక్ష అనే మాట కూడా పశువులకు వాడరెందుకో, పోస్టుమార్టం అనే అంటారు.

పశువుల డాక్టర్:

మా దగ్గరికి వచ్చేవాళ్లు రెండూ అనరండీ, “కోసి చూడండి” అంటారు. నాకు అదే నచ్చుతుంది.

వ్యాకరణం గురించి కూడా ఒకటి గమనించాను. మగ కుక్క అయితే “మావాడు పోయాడు సార్” అంటారు, వ్యాకరణం ఒప్పుకోకపోయినా మనిషిని చేసేస్తారు. ఆడకుక్క అయితే “మా చిట్టి పోయింది”. ఆడమనిషికీ అంతే కదా, “అత్తయ్య పోయింది”. కాబట్టి చిట్టిని ఇంట్లో మనిషిలా చూశారో, కుక్కలా చూశారో క్రియలో తెలియదు. ఏడుపులో తెలుస్తుంది.

రిటైర్డ్ మేష్టారు:

ఏకవచనంలో అంతే. బహువచనంలో విడిపోతారు, ఆడవాళ్లు పోయారు, కుక్కలు పోయాయి. అన్నట్టు ప్లీహం అన్నారు, మా అమ్మమ్మ కాలంలో దాన్ని “బల్ల” అనేవాళ్లు. మలేరియా జ్వరాలతో కడుపులో ఎడమ పక్క గట్టిగా చేతికి తగిలేది, “పిల్లాడికి బల్ల పెరిగింది” అనేవాళ్లు.

పశువుల డాక్టర్:

ఇన్నేళ్లుగా బల్ల మీద బల్లను పెట్టి కోస్తున్నానన్నమాట! పిడుదుల జ్వరంలో కుక్కలకు పెరిగేది కూడా అదే.

ఇద్దరు పిల్లుల అమ్మ:

నేను ముగ్గురు పిల్లుల అమ్మను, పోయిన ఏడాది దాకా. మా పెద్దోడు రాత్రి ఒక్క అరుపు అరిచి వెనక కాళ్లు ఈడ్చుకుంటూ మంచం కిందికి వెళ్లాడు. ఎవరో కర్రతో నడుం మీద కొట్టారనుకున్నాం. అపార్టుమెంట్ వాచ్‌మన్‌ని మావారు నానా మాటలూ అన్నారు. మా పెద్దోడు తెల్లారేసరికి పోయాడు. పోస్టుమార్టం ఆలోచనే రాలేదు. ఇప్పుడు ఇదంతా చదువుతుంటే ఏదోలా ఉంది. అది దెబ్బేనా డాక్టరుగారూ?

పశువుల డాక్టర్:

చూడకుండా చెప్పలేను అమ్మా. కానీ మీరు చెప్పినట్టే అరిచి, వెనక కాళ్లు చల్లబడి పడిపోయిన పిల్లుల్ని కోసినప్పుడు దెబ్బ గుర్తు లేకుండా ఇంకోటి కనపడుతుంది. గుండె కండరం మందమెక్కి, లోపల నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ కొట్టుకొచ్చి పెద్ద ధమని రెండు కాళ్లకూ చీలే చోట అడ్డం పడుతుంది. గుర్రం మీద జీను వేసినట్టు కూర్చుంటుంది అక్కడ. బయటికి ఒక్క గీత ఉండదు. ఇకముందు ఎప్పుడైనా అవసరం పడితే, పడకూడదనే అనుకుందాం, ఫ్రీజర్‌లో పెట్టకండి, మామూలు ఫ్రిజ్ చల్లదనం చాలు. గడ్డకడితే లోపలి కణాలు పగిలి సూక్ష్మదర్శిని కింద ఏమీ తేలదు.

ఇద్దరు పిల్లుల అమ్మ:

వాచ్‌మన్ మానేసి వెళ్లిపోయాడండీ.

ఇంతకీ ఆ పెద్దావిడకు ఏం చెప్పారు? అది చెప్పకుండా వదిలేశారు.

పశువుల డాక్టర్:

రిపోర్టు ఇంగ్లీషులోనే కదా, అందులో ఇబ్బంది లేదు, పారాసిటమాల్ అని రాశాను. ఆవిడ “తెలుగులో చెప్పు నాయనా” అన్నారు. “మందు వల్లేనమ్మా” అందామని నోటిదాకా వచ్చి ఆగిపోయాను, అలా అంటే కిందింటివాళ్ల మీదికి వెళ్తారు. విషం అందామంటే నాకే మనసు రాలేదు, ఆవిడ రాత్రంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారట. చివరికి “మనుషుల జ్వరం బిళ్ల పిల్లులకు పడదమ్మా” అన్నాను.

కాసేపు దుప్పటి అంచు సరిచేస్తూ ఉండిపోయారు. తర్వాత “అయితే మందు పెట్టలేదన్నమాట” అన్నారు.

లేదమ్మా అన్నాను.