సువర్ణరేఖ మామిడి అంటు: లేత ఆకులు కత్తెరతో కోసినట్టు రాలుతున్నాయి, చెట్టు ఎదగట్లేదు

ఎర్రమట్టి పెరడు
అందరికీ నమస్కారం. మాది విశాఖ మధురవాడ, కొండవాలు, ఎర్రమట్టి నేల. ఇల్లు కట్టాక పెరట్లో సువర్ణరేఖ అంటు వేయించాం, రెండేళ్లు దాటినా ఇంకా నా భుజం ఎత్తు కూడా రాలేదు. ఈ వానలకి రాగి రంగు చిగురు బాగానే వేసింది గానీ, సంబరపడేలోపే పొద్దున లేచి చూస్తే లేత ఆకులు కింద పడి ఉంటున్నాయి, అవీ ఎండి కాదు, పచ్చిగా ఉండగానే, అడ్డంగా కోసినట్టు. కొమ్మకి తొడిమ, దాన్ని అంటుకుని చిన్న ఆకు ముక్క మాత్రం మిగులుతున్నాయి. కొన్ని చిగుళ్లేమో తల వాల్చేసి నల్లబడ్డాయి. పాత ఆకుల చివర్లు ఇటుక రంగులో మాడుతున్నాయి. చెట్టు నిండా ఎర్రచీమలు, అవే కోస్తున్నాయని మా ఆవిడ, కాదు ఉడతని పక్కింటాయన. మందుల షాపులో అడిగితే మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు చేతిలో పెట్టారు, ఇంకా మూత తీయలేదు. పక్కనే వంగ, బచ్చలి ఉన్నాయి. కొట్టొచ్చా?

పెందుర్తి తోట
వద్దండి బాబూ. కూరగాయల మీద వాడకూడదని నిషేధం ఉన్న మందది. తుంపర బచ్చలి మీద పడకుండా ఎలా కొడతారు? ఆ సీసా తిరిగి ఇచ్చేయండి.

మీ ఆవిడా, పక్కింటాయనా ఇద్దరూ తప్పే :) అది ఆకు కత్తిరించే ముక్కుపురుగు. రాలిన ఆకొకటి తీసి వెలుతురుకి ఎత్తి చూడండి, నడిమి ఈనె వెంబడి చిన్న చిన్న మచ్చలు కనిపిస్తే అక్కడే గుడ్లు పెట్టినట్టు. తల్లి పురుగు లేత ఆకులో గుడ్లు పెట్టి, ఆ ఆకునే మొదలు దగ్గర కోసి కింద పడేస్తుంది, పిల్ల పురుగు ఆ రాలిన ఆకు పొరల మధ్యే తింటూ పెరిగి మట్టిలోకి దిగిపోతుంది. అందుకే పైన మందు కొట్టి కింద ఆకులు వదిలేస్తే లాభం లేదు. పొద్దున్నే ఏరి కాల్చేయండి, కంపోస్టు డబ్బాలో మాత్రం వేయొద్దు. ఆకు ముదిరితే అది ముట్టుకోదు, కాబట్టి చిగురు పచ్చబడేదాకా ఓ పాత దోమతెర కప్పి కింద కట్టేసినా చాలు, భుజం ఎత్తు చెట్టే కదా.

వాలిన చిగుళ్ల పని వేరే పురుగుది, కొమ్మ తొలిచేది. వాడిన చోటికి ఓ జానెడు కిందకి కోసి నిలువునా చీల్చండి, లోపల బోలుగా పిప్పి, ఒక్కోసారి గొంగళిపురుగు కూడా దొరుకుతుంది. కోసినవి కాల్చండి. మళ్లీ చిగురు మొదలవుతున్నప్పుడే వేపనూనె లీటరుకి 5 మి.లీ., కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టుకోండి.

అంటుమొక్కల మనిషి
పైవాళ్లు చెప్పిన పురుగులు కరెక్టే. కానీ రెండేళ్లకి భుజం ఎత్తు రాకపోవడం ఈ పురుగుల వల్ల కాదు సార్, ఇవి ప్రతి చిగురుకీ వచ్చేవే, బలమైన చెట్టు తట్టుకుని మళ్లీ వేస్తుంది. మొదలు దగ్గర కూర్చుని చూసి చెప్పండి: అంటు కట్టిన ప్లాస్టిక్ టేపు తీశారా? ఆ అతుకు మట్టిలో కప్పబడిపోయిందా? దాని కింద నుంచి వేరే కొమ్మలేమైనా వస్తున్నాయా? ఇంకోటి, ఇల్లు కట్టిన చోటంటున్నారు, గొయ్యి తీసినప్పుడు సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు పడ్డాయా?

ఎర్రమట్టి పెరడు
ఇప్పుడే చూశానండి. మట్టి కొంచెం గోకితే నీలం టేపు బయటపడింది, కాండంలోకి దిగిపోయి ఉంది, దాని పైన కణుపులా ఉబ్బింది, కింద సన్నగా ఉంది. పక్క నుంచి నిటారుగా ఓ కొమ్మ, ఆకులు సన్నగా పొడుగ్గా వేరేలా ఉన్నాయి, అదొక్కటే హుషారుగా ఉంది. అన్నట్టు నీళ్లు బోరువే పెడుతున్నాం, నోట్లో పోస్తే కాస్త ఉప్పగా ఉంటాయి.

అంటుమొక్కల మనిషి
అదే మీ జబ్బు. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు గుండా వేళ్లకి దిగాలి, ఆ దారిని టేపు నొక్కేసింది. బ్లేడుతో ఓ పక్క నిలువుగా కోసి, బెరడు లేవకుండా మెల్లగా ఊడదీయండి, లోపలికి పాతుకుపోయిన ముక్క కోసం తవ్వకండి. హుషారుగా ఉన్నది అతుకు కింద నుంచి వచ్చిన నాటు కొమ్మ, మొదలంటా తీసేయండి, లేకపోతే కొన్నాళ్లకి సువర్ణరేఖ పోయి పుల్ల మామిడి మిగుల్తుంది. అతుకు మట్టికి పైనే ఉండాలి.

సాగర్‌నగర్ మిద్దె
చివర్లు మాడటం ఆ ఉప్పు నీళ్లదే, మాకూ ఇదే గోల, మామిడి ఉప్పుకి అస్సలు ఓర్చుకోదు. వానాకాలంలో బోరు ఆపేసి మేడ మీద వాన నీళ్లు గొట్టంతో పాదులోకి మళ్లించండి, ఉప్పు కిందకి కొట్టుకుపోతుంది. పొటాష్ వేయాలనుకుంటే మామూలు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వద్దు, అందులో క్లోరైడ్ ఉంటుంది, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ అడగండి.

పెందుర్తి తోట
టేపు తీసిన రోజే పక్కన వెదురు కర్ర పాతి, గుడ్డపేలికతో వదులుగా కట్టండి. ఆ నొక్కుడు దగ్గర సన్నబడింది కాబట్టి అక్టోబరు, నవంబరు తుఫాను గాలులకి అక్కడే విరుగుతుంది. చీమల్ని మాత్రం ఏం చేయకండి, ఉండనివ్వండి.