దేవుడు క్షమించాక కూడా వ్యభిచారం ఫలితాలు మిగులుతాయా?

నిరీక్షణ: మొన్న ఒక ప్రసంగంలో విన్నాను. పశ్చాత్తాపపడ్డాక ఆ పాపం సంగతి అక్కడితో సరి, ఇంట్లోవాళ్లు ఇక ఆ మాట ఎత్తకూడదట. మరి ఊరియా భార్య బత్షెబతో వ్యభిచరించిన దావీదు రాజు ఇంట్లో సరిపోయిందా? ఖడ్గం నీ ఇంటిని విడిచిపోదని నాతాను ప్రవక్త చెప్పాడు (2 సమూయేలు 12:10). దావీదు కొడుకులు అమ్నోను, అబ్షాలోము ఇద్దరూ హతులయ్యారు.

కృపాధారి: సిస్టర్, 10వ వచనం దావీదు ఒప్పుకోకముందు వచ్చిన తీర్పు. 13లో ఒప్పుకున్నాడు, వెంటనే క్షమాపణ దొరికింది. వరుస చూసి చదవండి.

నిరీక్షణ: వరుసే చూద్దాం బ్రదర్. 13 తర్వాత 14 ఉంది. బత్షెబకు పుట్టిన బిడ్డ చనిపోతాడన్న మాట క్షమించాక వచ్చిందే. దావీదు ఉపవాసముండి నేలమీద పడి ప్రార్థించినా ఏడో రోజున బిడ్డ పోయాడు.

బెరయ: మత్తయి 1:6 కూడా చూడండి. యేసు వంశావళిలో బత్షెబ పేరు లేదు, ఊరియా భార్య అనే ఉంది.

కృపాధారి: ఆమెకే సొలొమోను పుట్టాడు, యెహోవా అతన్ని ప్రేమించాడు (12:24). అది ఎవరూ చెప్పరేం? దేవుడు తీసేసినదాన్ని మనం తవ్వుకుంటూ కూర్చుంటే మత్తయి 6:15 మనకే తగులుతుంది: మనం ఇతరులను క్షమించకపోతే తండ్రి మనల్ని క్షమించడు.

నిరీక్షణ: ఆ 6:15 చూపించే నా నోరు మూయించారు. నా భర్త సంగతి బయటపడిన మూడో వారానికే సంఘ పెద్దలు ఆయనతో సాక్ష్యం చెప్పించారు. నన్ను ఒక్కరూ అడగలేదు. ఆరేళ్లయింది. ఆయన ఫోన్ పట్టుకుని బయటికెళితే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. క్షమించాను, రోజూ క్షమిస్తూనే ఉన్నాను. నమ్మకమే రావడం లేదు. ఇది కూడా పాపమేనా?

వాక్యప్రియ: బ్రదర్, వచనాలు పక్కనపెట్టి ఆమెకు జవాబు చెప్పండి.

కృపాధారి: మా నాన్న కూడా తప్పు చేశాడు, ఒప్పుకున్నాడు. ఇరవై ఏళ్లు ప్రతి గొడవలో అమ్మ అదే ఎత్తింది. నేనూ చెల్లీ తలుపు వేసుకుని కూర్చునేవాళ్లం. మా ఇంటిని పాడుచేసింది ఆ పాపమా, ఆ మాటలా?

నిరీక్షణ: పాపమే. మీ అమ్మగారి మాటలు దాని ఫలితమే కదా. ఆవిడ బాధ ఎవరైనా కూర్చుని విన్నారా?

కృపాధారి: లేదు. పాస్టర్ గారు వచ్చినా నాన్నతోనే ప్రార్థన చేసి వెళ్లేవారు. అయినా ఇక చాలని ఎవరో ఒకరు అనాలి కదా?

నిరీక్షణ: ఆ మాట అనాల్సింది పెద్దలు కాదు బ్రదర్. దెబ్బ తిన్నది నేను.

కృపాధారి: మరి పిల్లలు? వాళ్లు ఎన్నాళ్లు ఆగాలి?